కుంపటి పెడితేనే లేచే హీటర్

ఎవరింటికి పోయినా నన్ను ఒక కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టడం కష్టం. చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే లేచి గోడల వెంట తిరుగుతాను. స్విచ్చు బోర్డు వెచ్చగా ఉందా, గీజర్ తీగ ఎక్కడైనా మాడిందా, ప్లగ్గు వదులుగా ఉందా అని చూస్తుంటాను. "చాయ్ తాగనీకి వచ్చినవా, తనిఖీకి వచ్చినవా?" అని నా భార్య అందరి ముందే అడుగుతుంది. సిగ్గుపడి కూర్చుంటాను, కాసేపటికి మళ్లీ లేస్తాను. పని మానేసి చాలా రోజులైంది గానీ ఈ కాలు నిలవని రోగం మాత్రం తగ్గలేదు.

మాది కరీంనగర్ వైపు నేత కుటుంబం. బాపు మరమగ్గం నడిపేవాడు. మోటారు ఆగిందంటే ఇంటిల్లిపాదికీ ముఖాలు వాడిపోయేవి. మెకానిక్ వస్తే మాత్రం పెళ్లికొడుకు మర్యాదలు. ఆ మర్యాదలు చూసి ఆశపడే నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరాను. తర్వాత కొన్నేళ్లు కరీంనగర్‌లో ఖాజా ఉస్తాద్ దగ్గర చేశాను, ఆ తర్వాత మంచిర్యాలలో సొంతంగా పెట్టుకున్నాను. శ్రీరాంపూర్ బొగ్గుగని క్వార్టర్లలో గీజర్ల నుంచి ఇచ్చోడ పత్తి జిన్నింగు మిల్లుల్లో మోటార్ల దాకా అన్నీ విప్పాను. పెళ్లికొడుకు మర్యాదలు ఎక్కడా దొరకలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి ఏం నేర్చుకోవాలో చెప్పమంటారు. తీగలు కలపడం వాళ్లకు ఫోన్లో వీడియోలు చూపిస్తాయి. నేను చెప్పగలిగింది ఒక చిన్న డబ్బా గురించి. దాని పేరు థర్మోస్టాట్. వేడి చాలినంత కాగానే కరెంటు ఆపేసి, వేడి తగ్గగానే మళ్లీ ఇచ్చే స్విచ్చు అది. అరచేతిలో పట్టే ఆ వస్తువు దగ్గర చూసినన్ని తప్పులు నేను పెద్ద పెద్ద ప్యానెల్ బోర్డుల దగ్గర కూడా చూడలేదు.

మూడో విజిల్

మా వైపు ఒక మాట ఉంది: డైరెక్ట్. థర్మోస్టాట్ పాడైతే దాన్ని పక్కకు తీసేసి, రెండు తీగలూ కలిపి, టేపు చుట్టేసి, "డైరెక్ట్ చేసిన, ఇగ ఫికర్ లేదు" అంటారు. నిజానికి ఫికర్ అప్పుడే మొదలవుతుంది.

నేను ఉస్తాద్ దగ్గర చేరిన కొత్తలో కరీంనగర్‌లో ఒక టీచర్ గారింటికి వెళ్లాం. గీజర్ పేలి స్నానాల గది పైకప్పు పెచ్చులూడింది. దేవుడి దయ, లోపల ఎవరూ లేరు. అంతకు ముందే ఎవరో ఆ గీజర్‌ను డైరెక్ట్ చేశారట. మరి ఇన్నాళ్లూ ఎలా వాడారని అడిగితే టీచర్ గారి భార్య చాలా మామూలుగా చెప్పింది. "గీజర్ ఏసి, కుక్కర్ల పప్పు పెడ్త. మూడో విజిల్ రాంగనే ఆఫ్ చేస్త. ఎన్నడు తప్పలే." ఆ రోజు మాత్రం మధ్యలో గ్యాస్ అయిపోయింది. విజిల్ రాలేదు. ఆమె సిలిండర్ కోసం పక్కింటివాళ్లను అడుగుతూ ఉండిపోయింది.

నేను నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను. ఉస్తాద్ నవ్వలేదు. కరీంనగర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. "హస్నా మత్ బేటా, నవ్వొద్దు. గా డబ్బా చచ్చిపోయినంక గా తల్లిని దాని జాగల నిలబెట్టిన్రు. ఆమె తప్పు లేదు. నిలబెట్టినోని తప్పు" అన్నాడు. తర్వాత ఆయన నాకు నేర్పిన పద్ధతి ఒకటే. డబ్బా మూత విప్పే ముందు గది చూడాలి. ఆ ఇంట్లో వాళ్లు దాన్ని ఎలా వాడుతున్నారో అడగాలి. చెప్పేది పిచ్చిగా అనిపించినా చివరిదాకా వినాలి.

జల్దీ మేస్త్రీ

సొంతంగా పెట్టుకునే ముందు ఇంకో పెద్దమనిషి దగ్గర కూడా చేశాను. కాంట్రాక్టరు. పేరు చెప్పను, ఆయన పిల్లలు ఇదే పనిలో ఉన్నారు. సామాన్లు ఎంత తొందరగా సర్దుకుంటే అంత మంచి పనివాడని ఆయన లెక్క. బిగించామా, దీపం వెలిగిందా, బండెక్కామా. "ఆడ నిలబడి ఏం జూస్తవ్ బే, పెండ్లి జూస్తున్నవా?" అని కసిరేవాడు.

ఆయన దగ్గర నాకు చెయ్యి వేగం వచ్చింది, అది కాదనను. కానీ థర్మోస్టాట్ పని ఆ వేగంతో చేసేది కాదు. దీపం అయితే వేయగానే తెలుస్తుంది. థర్మోస్టాట్ సరిగా కట్టామో లేదో తెలియాలంటే గది చల్లబడేదాకా ఆగాలి, అది లేవడం చూడాలి, మళ్లీ గది కాగేదాకా ఆగాలి, అది ఆగడం చూడాలి. ఈ రెండూ చూడకుండా ఇల్లు దాటొద్దు. నాలాంటి నిలకడ లేని మనిషికి ఇది పెద్ద శిక్ష. అయినా చేశాను. ఎందుకు అంత పట్టుగా చెబుతున్నానో ఇచ్చోడ సంగతి చదివితే తెలుస్తుంది.

ఇచ్చోడ నుంచి ఫోను

నారాయణ సేటుది ఇచ్చోడలో పత్తి వ్యాపారం. ఆయన మిల్లు మోటార్లు చాలా ఏళ్లు నేనే చూశాను. ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే. ఆయన తండ్రికి ఉబ్బసం ఉండేది. ఆ పెద్దాయన కోసం ఒక గదిలో గోడకు రెండు హీటర్లు, వాటిని నడిపించడానికి ఒక థర్మోస్టాట్ నాగపూర్ మనిషితో పెట్టించారు. పెద్దాయన పోయాక ఆ గది ఖాళీగానే ఉంది.

నేను పనులు దాదాపు తగ్గించుకున్న రోజులవి. చలికాలంలో ఒకరోజు పొద్దున సేటు ఫోను చేశాడు.

"సదన్నా, మస్తు రోజులైంది, మంచిగున్నవా? మా బిడ్డ లలితకు ఆడపిల్ల పుట్టింది. నెల తక్కువ పడ్డది. దవఖానోళ్లు ఎచ్చగ ఉంచున్రి అని చెప్పి పంపిన్రు. అందుకే బాపు అర్రల పండవెట్టినం."

సంతోషమన్నాను. తర్వాత అసలు మాట చెప్పాడు.

"గోడ డబ్బా ఖరాబైతే ఆదిలాబాద్ నుంచి ఏసీ మెకానిక్‌ను పిలిచి కొత్తది ఏపిచ్చిన. మంచిగనే నడుస్తుంది. ఒక్కటే తిప్పలు. కుంపటి పెడ్తెనే హీటర్ లేస్తుంది. కుంపటి పెట్టి జరసేపైనంక టక్కుమని లేస్తది. జర జల్ది లేచేటట్టు ఏమన్న ఉపాయం ఉందా?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ మాటలో ఉన్న తప్పు తట్టింది.

చదివేవాళ్లకు ఇక్కడ కొంచెం వివరం కావాలి. గది థర్మోస్టాట్‌లో కరెంటు లోపలికి వచ్చే తీగ ఒకటి, బయటికి పోవడానికి రెండు దారులు ఉంటాయి. ఒక దారి గది చల్లబడితే తెరుచుకుంటుంది, అది హీటర్‌కు. రెండో దారి గది వేడెక్కితే తెరుచుకుంటుంది, అది ఏసీకి. మన ఎండల దేశంలో థర్మోస్టాట్ అంటే ఏసీదే. ఆ మెకానిక్ చెయ్యి అలవాటు కొద్దీ రెండో దారికి పోయింది. అంటే చలిగా ఉన్నప్పుడు హీటర్ లేవదు. కుంపటితో గది వేడెక్కాక లేస్తుంది. లేచాక ఇంకా వేడెక్కిస్తుంది. ఎంత వేడెక్కినా నడుస్తూనే ఉంటుంది, తనంతట తాను ఆగనే ఆగదు.

ఆ గదిలో నెల తక్కువ పుట్టిన పసిబిడ్డ ఉంది.

"సేటూ, ఇప్పుడు అర్రల కుంపటి ఉన్నదా?"

"ఉన్నది. బిడ్డ కాళ్లు సల్లగున్నయని శకుంతల పొద్దుగాల్నే పెట్టింది. హీటర్ గూడ లేచింది."

"తలుపులు?"

"బాలింత అర్ర గద అన్నా. మూసే ఉంటయి."

"బిడ్డ పాలు తాగుతుందా అడుగు."

దూరం నుంచి ఆయన భార్య శకుంతలమ్మ గొంతు వినిపించింది. "తాగుతలేదు గని మంచిగ పండుకున్నది. ఎచ్చగుంటె పండుకోదా మరి!"

ఆకలి వేయాల్సిన పసిబిడ్డ పాలు అడగకుండా పడుకుందంటే అది సుఖనిద్ర కాకపోవచ్చని ఎలక్ట్రీషియన్‌కు కూడా తెలుసు. పైగా మూసిన గదిలో నిప్పుల కుంపటి. దాని విషగాలి కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. స్విచ్చు ఆపి, కుంపటి బయటపెట్టి, తలుపులు తీయమన్నాను. సేటు నీళ్లు నమిలాడు. ఆ గదిలో ఆయన అధికారం చెల్లదు. పురుడు వెళ్లేదాకా అక్కడ ఆడవాళ్ల మాటే నడుస్తుంది, మగవాళ్లు గడప దాటకూడదు. ఫోను శకుంతలమ్మకు ఇమ్మన్నాను.

"అక్కా, దండం పెడ్త. తలుపు తియ్యి."

"తలుపు తీస్తె బాలింతకు గాలి సోకదా? నువ్వు మొగోనివి తమ్మీ, నీకేం ఎరుక. నా పెద్ద పోరడు సలికే పోయిండు. గీ సలికాలంలనే. గప్పుడు మా అత్త కుంపటికి బొగ్గులు లెవ్వన్నది. నేను సూసుకుంట కూసున్న. మల్ల గట్ల కూసుండమంటవా నన్ను?"

ఆ మాటకు ఏ థర్మోస్టాట్ పాఠమూ సరిపోదు. ఒక పక్క కాలం పోతోంది, మంచిర్యాలలో నిలబడి నేను చేయగలిగింది ఏమీ లేదు. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పుడు వెనక నుంచి లలిత గొంతు సన్నగా వినబడింది. ఫోను తనకు ఇమ్మంటోంది.

"కాకా, నాకు తలకాయ పలుగుతుంది. వాంతి అయ్యేటట్టున్నది. అవ్వకు చెప్తె ఇంటలేదు."

"లలితా, లే బిడ్డా. ఎవ్వర్ని అడగకు. పాపనెత్తుకోని అర్ర దాటి బయటికి రా."

"పురుడు ఎళ్లలే కాకా..."

"నాకెరుకే. నా మీద ఏసుకుంట. లే."

మంచం కిర్రుమన్న చప్పుడు వచ్చింది. "ఏం జేస్తున్నవే!" అని తల్లి కేక. గడియ తీసిన చప్పుడు. తర్వాత ఫోను కట్టయిపోయింది.

ఉట్నూరు దారిలో

నాలుగైదు సార్లు తిరిగి చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతుంటే నా భార్యే సామాన్ల సంచి తెచ్చి చేతిలో పెట్టింది. "ఈడ తిరిగే బదులు ఆడికే పోరాదు" అంది. బస్సెక్కాక సేటు ఫోను చేశాడు. తల్లీబిడ్డలు బయటికి వచ్చారు, కారులో ఇచ్చోడలోనే డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నానన్నాడు. బిడ్డ ఒళ్లు కాలిపోతోందన్నాడు.

జన్నారం దాటి అడవిలో పడ్డాక ఫోనుకు సిగ్నల్ లేదు. సీటు ఉన్నా కూర్చోలేక డ్రైవరు వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కండక్టరు రెండుసార్లు కూర్చోమని చెప్పి వదిలేశాడు. ఉట్నూరులో సిగ్నల్ రాగానే సేటును అడిగి ఆదిలాబాద్ మెకానిక్ నంబరు తెప్పించుకున్నాను. తిట్టాలనే చేశాను. జరిగింది అతనికి చెప్పాను. "నేను ఏసీ లెక్కనే కట్టిన కాకా. నడుపి సూద్దామంటె టైమియ్యలే. బాలింతను బయట సల్లగాలిల నిలబెట్టిన్రు, జల్ది కానియ్యి, జల్ది కానియ్యి అన్నరు" అన్నాడు. అతను చెప్పింది నిజమే అయ్యుంటుంది. నా తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. అయినా పిల్లలకు చెబుతున్నాను: తరిమినా కదలొద్దు. బాలింతను ఇంకో గదిలో పడుకోబెట్టమని చెప్పి, పని అయ్యాక మరో గంట అక్కడే ఉండండి.

రెండో దారి నుంచి మొదటి దారికి

నేను వెళ్లేసరికి వాళ్లు ఇంకా డాక్టరు దగ్గర నుంచి రాలేదు. శకుంతలమ్మ వరండాలో గోడకానుకుని కూర్చుంది. ఆమె పక్కన చల్లారిన కుంపటి. గదిలోకి పోవచ్చా అని అడిగితే నా వంక చూడకుండానే "ఇగ ఎవ్వల్ని ఆపుత. పో" అంది.

మెయిన్ ఆపి మూత విప్పాను. లోపల అన్నీ ఎర్ర తీగలే. నాగపూర్ మనిషి ఒకే చుట్ట తీగతో పనంతా కానిచ్చాడు. ఇలాంటి చోట రంగును నమ్మి చెయ్యి పెట్టకూడదు. ఏ తీగ ఎక్కడ నుంచి వస్తోందో మీటరుతో ఒక్కొక్కటీ చూసి, కాగితం ముక్కలు అంటించుకుని, ఫోటో తీసుకుని, అప్పుడు విప్పాలి. అనుకున్నట్టే తీగ ఏసీ దారిలో ఉంది. దాన్ని విప్పి పక్క స్క్రూకు మార్చడానికి బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు. ఇంత దూరం వచ్చి, ఇంత గండం గడిచి, చేసిన పని అంతే.

అయితే ఇంకో లోపం కనబడింది. రెండు హీటర్ల కరెంటూ ఆ చిన్న డబ్బాలో నుంచే పోతోంది. స్క్రూల దగ్గర నల్లబడింది. డబ్బా తన వేడికి తానే మోసపోతుంది, గది ఇంకా చల్లగా ఉన్నా కాగిందనుకుంటుంది. అందుకే ఆ కరెంటు భారం మోయడానికి కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చు ఒకటి వరండా గోడకు పెట్టి, డబ్బాకు దాన్ని నడిపించే పని మాత్రం ఉంచాను. వెంటిలేటర్‌కు కొట్టిన అట్టముక్క కూడా పీకేశాను.

కాంటాక్టర్ తీగలు కలుపుతుండగా కారు వచ్చింది. లలిత తలకు గుడ్డ కట్టుకుని, బిడ్డను ఒడిలో దాచుకుని దిగింది. బిడ్డ వేడి దిగిందని, చెంచాతో కొన్ని పాలు పట్టించారని సేటు చెప్పాడు. కానీ రొమ్ము గుంజడం లేదు. సాయంత్రంలోగా గుంజకపోతే ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడట డాక్టరు. లలిత నా వైపు ఒకసారి చూసి గదిలోకి పోయింది.

గది అప్పటికి చల్లబడింది. మెయిన్ వేశాను. కుంపటి లేకుండానే హీటర్ టక్కుమని లేచింది. శకుంతలమ్మ ఉలిక్కిపడి చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఇగ కుంపటి అక్కర లేదా?"

"లేదక్కా. చాలినంక అదే ఆగుతది, సల్లవడితె అదే లేస్తది."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసుకుంది. "మరి నేనేం జెయ్యాలె?"

బిడ్డ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమె నిద్ర మానుకుని చేస్తున్న ఒకే ఒక్క పని నేను లాగేసుకున్నాను. లాగేసుకోక తప్పదు. ఆ కుంపటి ఇంకొక రోజు ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కుదురుండదు. కానీ మొగపిల్లవాణ్ణి చలికి పోగొట్టుకున్న తల్లిని చేతులు కట్టుకుని కూర్చోమని ఎలా చెప్పడం?

"అక్కా, గా డబ్బా గోడ కాడి ఎచ్చదనమే చూస్తది. బిడ్డ మంచం మీదుంటది. బిడ్డ కడుపు ఎచ్చగుందా, మెడ కాడ చెమట పడ్తుందా, దానికేం ఎరుక? అది నువ్వే చూడాలె. చెమట పడ్తె బట్ట తియ్యి, కాళ్లు సల్లగైతె లలితను ఛాతిమీద ఏసుకోమను."

ఇది ఆమెను ఊరడించడానికి అన్న మాట కాదు. థర్మోస్టాట్‌కు తాను ఉన్న చోటు తప్ప ఇంకేమీ తెలియదు. డాక్టరు కూడా బిడ్డను ఒంటికి ఆనించుకోమనే చెప్పాడట. ఆమె లేచి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, రెండు అరచేతులూ రుద్దుకుంటూ లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసింది. గడియ మాత్రం పెట్టలేదు.

నేను వరండాలో కాంటాక్టర్ మూత పట్టుకుని నిలబడ్డాను. లోపల హీటర్ నడుస్తోంది. అది ఆగాలి. ఆగకపోతే నేను మళ్లీ ఎక్కడో తప్పినట్టే. సేటు కారు తాళాలు చేతిలో తిప్పుతూ వాకిట్లోకి వరండాలోకి తిరుగుతున్నాడు, నేను అతనికి ఎదురుగా తిరుగుతున్నాను. కాసేపటికి టక్కుమని ఆగింది. కానీ మేం ఎదురుచూస్తున్నది దాని కోసం కాదు.

ఎండ వాలింది. హీటర్ మళ్లీ లేచింది, మళ్లీ ఆగింది. సేటు కారు తలుపు తీసి పెట్టాడు. అప్పుడు లోపల నుంచి లలిత గొంతు వచ్చింది.

"అవ్వా... అవ్వా, గుంజుతుంది!"

సేటు తీసి పెట్టిన కారు తలుపు మూసేశాడు. తలుపు తీసుకుని శకుంతలమ్మ గడప మీదికి వచ్చింది. కళ్లు తుడుచుకోలేదు. గోడకు నేను బిగించిన పెట్టెను చేత్తో తడిమింది.

"గప్పుడు గిసొంటిది ఒకటుంటె నా పోరడు..." అని ఆగిపోయింది.

పెట్టె మూత నా చేతిలోనే ఉండిపోయింది. తలుపు సందులో నుంచి పాప గుటకలు వేస్తున్న చప్పుడు వస్తుంటే ఇద్దరం అక్కడే నిలబడి విన్నాం.